గాలితో నిమిత్తం లేని హెచ్చరిక

క్యాంటీను టోకెను మీద ఇడ్లీ పక్కన వడ అనే మాట చేర్చాలంటే ముందు బంగాళాఖాతం మొత్తాన్ని కంపైలు చెయ్యాలని ఒక సోమవారం ఉదయం తేలింది. దానికి నాలుగు గంటలు పట్టింది. టోకెన్లు వచ్చేసరికి వడలు అయిపోయాయి.

విశాఖపట్నంలో సముద్రం కనిపించే ఒక కొండ మీద ఉంది తీర సమాచార సంస్థ. ఒడ్డునున్న తొంభైనాలుగు పల్లెలకు, ఏ పల్లె ముందు ఏ వేళకు అల ఎంత లేస్తుందో, గాలి ఎటునుంచి కొడుతుందో లెక్క కట్టి, ప్రమాదం ఉంటే పడవల వాళ్ళ ఫోన్లకు సందేశం పంపడం దాని పని. వాతావరణ శాఖ వాళ్ళు చెప్పేది జిల్లాకంతటికీ కలిపి చెబుతారు. రోజు విడిచి రోజు వేటకు వెళ్ళరాదంటే ఎవరు వింటారు? ఈ సంస్థ సందేశం అలాంటిది కాదు. ఫలానా పల్లె ముందు ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా అని చెప్పేది కాబట్టి దాన్ని వినేవారు.

ఈ పనికోసం సంస్థలో మూడువందల ఎనభై ప్యాకేజీల ప్రోగ్రాములుండేవి. అన్నీ ఈ కాలపు సులువైన భాషల్లో రాసినవే, ఒక్క 'సముద్రం' తప్ప. అది నేటివ్ కోడు. అంటే వేగంకోసం, యంత్రానికి దగ్గరగా, పాత సి భాషలో రాసినది. కూర్మాచార్యులు గారనే ఆయన పదకొండేళ్ళు కూర్చుని నలభైవేల వరసలు రాసి, రిటైరై గాజువాకలో స్థిరపడ్డారు. అలలెంత ఎత్తు లేస్తాయో తేల్చే లెక్క అదే. అది మంచి ప్రోగ్రామనడానికి గుర్తేమిటంటే, అందులోంచి ఏదో ఒకటి తీసుకోని ప్యాకేజీ సంస్థలో లేదు.

క్యాంటీను సంగతీ అంతే. అల ఎత్తును పై మీటరుకు సర్దే నాలుగు వరసల లెక్క ఒకటి 'సముద్రం'లో ఉండేది. సాంబారును పై బకెట్టుకు సర్దడానికి ఎవరో పుణ్యాత్ముడు దాన్నే పిలిచాడు. ఆ నాలుగు వరసల వెనకాల మిగతా నలభైవేలూ గొలుసుకట్టుగా క్యాంటీనులోకి వచ్చి కూర్చున్నాయి. టోకెను మీద ఒక్క మాట మార్చినా అవన్నీ మొదటినుంచి కంపైలు కావాలి, అంటే యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మారాలి.

ఈ ముడిని విప్పింది నూకరత్నం. పల్లెలకు సందేశాలు పంపే 'హెచ్చరిక' అనే ప్యాకేజీ ఆమె చేతిలో ఉండేది. ఆ నాలుగు వరసల్నీ విడిగా ఒక చిన్న ప్యాకేజీలో పెట్టి, క్యాంటీనుకూ సముద్రానికీ సంబంధం తెంచేసింది. మొత్తం పావుగంట పని. ఆ మధ్యాహ్నం టోకెను మీదకు బజ్జీ నిమిషంలో వచ్చింది. వ్యవహారం అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కాని సంస్థ సంచాలకులు పట్నాయకుని ఉమాకాంతం గారి చెవిన పడింది.

ఉమాకాంతం గారు ఏ పనినైనా ఉద్యమంగా తప్ప చెయ్యలేరు. మొక్కలు నాటమంటే పార్కింగు స్థలం తవ్వించిన మనిషి. ఆయన ఆ సాయంత్రమే అందర్నీ సమావేశపరిచి గొంతు సవరించుకున్నారు.

"నేడు ఒక ఇడ్లీ సముద్రం మీద ఆధారపడుతోంది. రేపు సముద్రం ఇడ్లీ మీద ఆధారపడదని హామీ ఏమిటి?"

ఎవరి దగ్గరా హామీ లేదు. అందరూ ఆ మాట రాసుకున్నారు. ఒక్క నూకరత్నం మాత్రం లేచి, ఆధారాలన్నీ చెడ్డవి కావనీ, అక్కర్లేనివి తీసేసి అక్కరున్నవి ఉంచుకోవాలనీ మర్యాదగానే చెప్పింది. సంచాలకులు ఆమెవైపు జాలిగా చూశారు. ఏది అక్కర్లేనిదో తేల్చాలంటే ఒక కమిటీ కావాలనీ, ఇలాంటి విషయంలో కమిటీ మీద ఆధారపడటం తనకు బొత్తిగా ఇష్టం లేదనీ, అందుచేత అన్నీ తీసేద్దామనీ అన్నారు. చప్పట్లు మోగాయి.

మర్నాడు ఆధార విముక్తి విభాగం వెలిసింది. దానికి అధికారి చింతాడ భగీరథరావు. మనిషి మంచివాడు. కాకపోతే లెక్కంటే ప్రాణం. ఆయనకు ఏది అప్పగించినా లెక్కపెట్టేవాడు, లెక్కపెట్టినది నిజాయితీగా రాసేవాడు. గేటు దగ్గర నల్లబోర్డు పెట్టించి, 'నేటి ఆధారములు' అని పైన రాయించి, ఒక ప్యాకేజీ ఇంకోదాన్ని పిలిస్తే ఒక ఆధారం చొప్పున కూడి, కింద సుద్దముక్కతో 4,116 అని తన చేత్తో వేశాడు. కార్తీక మాసం చివరి గురువారానికి అది సున్నా కావాలి. ఆ రోజు సచివాలయం నుంచి ముఖ్య అతిథి వచ్చి ఆ సున్నాను చూసి వెళ్తారు.

నూకరత్నం ఆ బోర్డువైపు చూడకుండా గేటు దాటేది. కారణం ఉంది. ఆమెది చినగెడ్డపాలెం, ఒడ్డునున్న చేపలపల్లె. తండ్రి ఒక ఏడాది వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. గాలివాన వస్తుందని ఆ రోజు ఎవరూ చెప్పలేదు, చెప్పేవాళ్ళు అప్పుడు లేరు. ఇప్పుడు తమ్ముడు ముత్యాలు అదే ఒడ్డునుంచి ఫైబరు బోటు మీద వెళ్తున్నాడు. ఇంకో సంగతి కూడా ఆమెకు తెలుసు, ఆఫీసులో మరెవరికీ తెలియదు. పల్లెల్లో ఒక అలవాటు పడింది. సాయంత్రం నాలుగు దాకా ఫోనువైపు చూస్తారు. సందేశం వస్తే వలలు పైకి లాగేస్తారు. రాకపోతే సముద్రం బాగున్నట్టే లెక్క, పడవలు దించేస్తారు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. పదేళ్ళుగా తప్పు రాలేదు కాబట్టి అలా నిలిచిపోయింది.

ఉద్యమం జోరందుకుంది. మొదట విభాగాల వాళ్ళు తెలివిగానే ఆలోచించారు. 'సముద్రం' మీద ఆధారపడకూడదు, అంతే కదా? దాన్ని అచ్చంగా కాపీ చేసి ఎవరి ప్యాకేజీలో వాళ్ళు పెట్టేసుకున్నారు. సొంత ఇంట్లో ఉన్నది ఆధారం కిందకు రాదని భగీరథరావు నియమావళి తిరగేసి ఒప్పుకున్నాడు. రెండు వారాల్లో బోర్డు మీద అంకె 900కు దిగింది, సంస్థలో సముద్రాల సంఖ్య అరవై ఒకటికి పెరిగింది. హాజరుపట్టీకి ఒక సముద్రం, వాచ్‌మన్ల డ్యూటీ చార్టుకు ఒక సముద్రం, లైబ్రరీకి ఒకటిన్నర. ఆ సగం ఏమిటో లైబ్రేరియనుకు కూడా తెలియదు. ఒక సముద్రంలో దొర్లిన తప్పును దిద్దితే మిగతా అరవైలో అది అలాగే ఉండేది. ఒకే పల్లె ముందు ఒకే గంటలో అల రెండు మీటర్లనీ, మూడనీ, ఒక చోట అసలు లేదనీ వచ్చింది. దీన్ని లోపమనకూడదనీ అభిప్రాయ వైవిధ్యమనాలనీ సంచాలకులు సవరించారు. కాపీ చేసిన విభాగాల వారందరికీ శాలువాలు కప్పారు.

అయితే అరవై ఒక్క సముద్రాలు కంపైలు కావడానికి పది రోజులు పట్టేది. యంత్రాల గది వేడెక్కి అలారం మోగింది. అప్పుడు వెలువడింది పదిహేడో నెంబరు సర్క్యులరు. అన్ని అనర్థాలకూ మూలం నేటివ్ కోడేనని గుర్తించడమైనదనీ, అది ఎంత పాతదో అంత అర్థం కానిదనీ, సంస్థలో ఏ ఒక్కరికీ పూర్తిగా అర్థం కాని వస్తువు మీద సంస్థ ఆధారపడటం ఆత్మగౌరవానికి భంగమనీ, కాబట్టి దాన్ని సమూలంగా తొలగించి సులభమైన దానితో భర్తీ చేయవలసినదనీ దాని సారాంశం. భర్తీ చేయవలసిన దాన్ని కూడా సంచాలకులే స్వయంగా కనిపెట్టారు. ముప్పై ఏళ్ళ అలల ఎత్తులన్నీ కూడి సగటు తీయించారు. 1.2 మీటర్లు వచ్చింది.

"సగటు చూడండి," అన్నారాయన, ఆ కాగితాన్ని అందరికీ కనిపించేలా పట్టుకుని. "గాలి వచ్చినా మారదు, వాన వచ్చినా మారదు. ఎవరి మీదా ఆధారపడదు. ఉద్యోగులు కూడా ఇలాగే ఉండాలి."

ఆ సాయంత్రంతో నలభైవేల వరసలు పోయి ఒకే వరస మిగిలింది. బంగాళాఖాతం 1.2 మీటర్ల దగ్గర స్థిరపడింది. బోర్డు మీద అంకె 40 అయింది.

ఉద్యోగులు కూడా ఇలాగే ఉండాలన్న మాటను భగీరథరావు ఆజ్ఞగా తీసుకున్నాడు, అది ఆయన స్వభావం. పదిహేనో నెంబరు గదిలో ఒక బీరువా ఉండేది. దాని తాళం ఒక గుమస్తా దగ్గర, దానిలో ఏముందో తెలిసిన మనిషి ఇంకొకాయన. ఇది స్పష్టంగా పరస్పరాధారం. ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం నిషేధించి, ఇద్దరి పేర్ల నుంచి చెరొక అంకె తగ్గించాడు. బీరువా అప్పటినుంచి తెరుచుకోలేదు. కొత్తగా చేరినవాళ్ళు పాతవాళ్ళను పని అడగడానికి ఆధార పత్రం నింపాలన్నారు. పత్రం ఎలా నింపాలో ఎవరినీ అడగకూడదు. ఒక పెద్దాయన కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చి, పక్కవాళ్ళచేత చదివించుకోలేక, రోజంతా ఒకే కాగితాన్ని పట్టుకుని కూర్చున్నారు. ఆయనకు ఆ నెల ఉత్తమ స్వావలంబన ఉద్యోగి బహుమానం వచ్చింది.

చివరికి బోర్డు మీద 3 మిగిలింది. ఆ మూడూ నూకరత్నానివే. 'హెచ్చరిక' ప్యాకేజీ అలల కోసం 'సముద్రం' మీద, గాలి కోసం 'గాలి' మీద, పడవల వాళ్ళ ఫోను నెంబర్ల కోసం 'జాబితా' మీద ఆధారపడుతోంది. అందరూ తీసేసినా ఆమె తన దగ్గర పాత సముద్రాన్ని దాచిపెట్టుకుని నడుపుతూ వచ్చింది. లిఫ్టులో ఎవరూ ఆమెతో మాట్లాడటం లేదు. సున్నా వచ్చిన రోజు అందరికీ కప్పవలసిన శాలువాలు ఆమె మూలంగానే ఆగిపోయాయని గుసగుసలు.

భగీరథరావు ఫైలు చంకన పెట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. హెచ్చరిక అనేది హెచ్చరించడానికి ఉద్దేశించినది కదా అని అడిగాడు. ఆమె అవునంది. మరైతే దానికి గాలితో ఏం పనని అడిగాడు.

"గాలి వస్తోందని చెప్పడానికండీ."

"గాలి ఉంటే తప్ప హెచ్చరించలేకపోతే అది గాలికి లోబడినట్టే కదమ్మా. సొంతంగా నిర్ణయం తీసుకోలేని ప్యాకేజీని ఏమనాలి?"

ఆయన వెటకారం ఆడటం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. ఆమె నాలుగు నోట్లు రాసింది. తొంభైనాలుగు పల్లెలు, మూడువేల పడవలు, నాలుగు గంటల అలవాటు, అన్నీ వివరంగా పెట్టింది. నాలుగూ తిరిగొచ్చాయి. మొదటిదాని మీద 'చూడబడినది' అని ఉంది. చివరిదాని మీద మూడువేల పడవలన్న చోట ఎర్రసిరాతో గీత గీసి, 'ఇన్ని ఆధారములా? పరిశీలించుడు' అని ఉంది.

ఆఖరి వారంలో సంచాలకులు పిలిపించారు. ఆమె సేవలను సంస్థ మరువదన్నారు. అసలీ ఉద్యమానికి తొలి స్ఫూర్తి ఆమె విప్పిన ఇడ్లీ ముడేనని సభలో చెప్పబోతున్నానన్నారు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. తాను చేసిన మంచి పనే తన తలకు చుట్టుకోవడం ఎలా ఉంటుందో ఆ గదిలో నిలబడి తెలుసుకుంది. "నా తమ్ముడు ఆ సందేశం చూసే వెళ్తాడు సార్, గాలిని ఉంచండి," అని ఒక్కటే అడిగింది. కుటుంబ బంధాలు వృత్తి జీవితంలోకి తేవడం కూడా ఒక రకం ఆధారమేనని ఆయన మృదువుగా గుర్తుచేసి, ఆమెను మూడు రోజుల శిక్షణకు పంపారు. శిక్షణ పేరు 'ఒంటరిగా పనిచేయుట'. ముప్పైమందిని ఒక హాల్లో కూర్చోబెట్టి, గుంపులు గుంపులుగా అభ్యాసాలు చేయించారు.

శిక్షణ ముగించుకుని ఆమె గురువారం మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి గేటుకు అరటిబోదెలు కట్టి ఉన్నాయి. బోర్డు మీద అంత ఎత్తు సున్నా, చుట్టూ బంతిపూల దండ. లోపల సభ సాగుతోంది. మైకులో సంచాలకుల గొంతు వినిపిస్తోంది. ఆమె పరుగున తన గదికి వెళ్ళి 'హెచ్చరిక' తెరిచి చూసింది.

గాలి లేదు. సముద్రం లేదు, ఆమె దాచుకున్న పాతది కూడా. ఫోను నెంబర్ల జాబితా కూడా లేదు. కొత్త ప్రోగ్రాము చాలా చక్కగా, పొందికగా, పదిహేను వరసల్లో ఉంది. అది గంటకోసారి నిద్రలేచి, ప్రమాదమేమైనా ఉందా అని తనను తానే అడుగుతుంది. అల ఎత్తు 1.2 మీటర్లే కాబట్టి లేదని తనకు తానే జవాబిస్తుంది. ఆ జవాబు తనకు అందినట్టు తనే రసీదు రాసుకుని మళ్ళీ పడుకుంటుంది. మూడు రోజులుగా ఒక్క పొరపాటు లేకుండా నడుస్తోంది.

నూకరత్నం కిటికీలోంచి చూసింది. సముద్రం సీసం రంగులో ఉంది. తూర్పున మబ్బు కిందికి వేలాడుతోంది. రేవు మీద స్తంభానికి మూడో నెంబరు ప్రమాద సూచిక ఎక్కించి ఉంది. గడియారం మూడూ పదిహేను చూపిస్తోంది. ఇంకో ముప్పావుగంట చూసి, ఫోను మోగలేదని, ఆమె తమ్ముడు బోటు దించేస్తాడు. ఇంతవరకూ ఆమెకు ఈ సంస్థ మీద కోపం రాలేదు, విసుగే వచ్చింది. ఇప్పుడొచ్చింది.

ముందు రేవు సిగ్నల్ గదికి ఫోను చేసి ఆ మూడో నెంబరు ఎప్పుడెక్కించారో కనుక్కుంది. తర్వాత లైట్‌హౌసు కీపర్‌ను అడిగితే ఆయన గాలి వేగం చదివి చెప్పాడు. ఆ రెండూ తీసుకుని గాజువాకకు చేసింది. కూర్మాచార్యులు గారు మధ్యాహ్నం కునుకు నుంచి లేచి, పెన్సిలు ఎక్కడుందని భార్యను కేకేసి, పది నిమిషాల్లో కేలండరు వెనకవైపు లెక్క కట్టేశారు. సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా మూడున్నర మీటర్లు దాటుతుందన్నారు. ఉజ్జాయింపు లెక్కేననీ, తన ప్రోగ్రామైతే ఇంతకంటే నయంగా చెప్పేదనీ, అది ఎలా ఉందనీ అడిగారు. తీసేశారని ఆమె చెప్పలేదు. బాగానే ఉందని చెప్పి ఫోను పెట్టేసింది.

ముత్యాలు ఫోనెత్తేసరికి మూడూ యాభై. వెనకాల ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

"పడవలు దించకండిరా," అంది. "గాలివానొస్తంది."

"మెసేజి రానేదు గదక్కా."

"ఇంక రాదురా. మావోళ్ళు గాలిని తీసీసినారు."

"గాలిని తీసీడం ఏటక్కా, ఇక్కడ సెవులు సిల్లులు పడిపోతంటే?"

అతను నమ్మాడు కాని మిగతావాళ్ళు నమ్మాలి. నలభై పడవలు సిద్ధంగా ఉన్నాయి. ఐసు ఎక్కించేశారు, కరిగిపోతుంది. సందేశం రాలేదంటే సముద్రం బాగున్నట్టేనని, గవర్నమెంటు చెప్పనిదాన్ని ఎవరూ నమ్మరని, అక్క చెప్పిందని ఊరంతా ఆగదని అతను నీళ్ళు నమిలాడు. చివరికి ఫోను తీసుకెళ్ళి ఊరిపెద్ద పోలయ్య చేతికిచ్చాడు. పోలయ్యకు డెబ్బై దాటాయి. ఆమె తండ్రితో కలిసి వల లాగిన మనిషి.

"అమ్మా రత్నం, ఇది ఆపీసు మాటా, నీ మాటా?"

ఆఫీసు మాటంటే పడవలు ఆగుతాయి. ఆమెకు ఆ సంగతి తెలుసు. కాని ఇవాళ ఆఫీసు పేరు చెప్పి ఆపితే, రేపు ఆఫీసు నోరెత్తనప్పుడు ఆ మౌనాన్ని కూడా నమ్మి వెళ్ళిపోతారు.

"నా మాటే పెద్దయ్యా. ఆపీసుకి సముద్రంతో పని నేదు. తప్పయితే నన్ను తిట్టండి."

"అయితే ఆగుతాం," అన్నాడు పోలయ్య. "ఆపీసోళ్ళు తప్పు సెప్తే తిట్టడానికి ఎక్కడికెల్లాలో తెల్దు. నిన్నయితే ఇంటికొచ్చి తిట్టొచ్చు."

చినగెడ్డపాలెం వాళ్ళు పక్క పల్లెకు చెప్పారు, వాళ్ళు వాళ్ళ వియ్యాలవారి పల్లెకు చెప్పారు. నాలుగూ ఇరవైకల్లా తొమ్మిది పల్లెల్లో పడవలు ఇసకలోనే ఉండిపోయాయి. ఉత్తరాన ఎవరో అప్పటికే దించిన రెండు పడవల్ని ఈలలు వేసి, తువ్వాళ్ళు ఊపి వెనక్కి రప్పించారట. ఆరున్నరకు వచ్చింది గాలివాన. ఆఫీసు గేటు దగ్గర కట్టిన అరటిబోదెలు అవతలి రోడ్డు మీద దొరికాయి. ముఖ్య అతిథి కారు కొండ దిగలేక రెండు గంటలు చెట్ల మధ్య ఉండిపోయింది. సంస్థ యంత్రాల గదిలో మాత్రం ఆ సాయంత్రం అల ఎత్తు 1.2 మీటర్లు. 'హెచ్చరిక' గంటగంటకూ లేచి, ప్రమాదం లేదని తెలుసుకుని, సంతోషంగా పడుకుంది.

మిగతా పల్లెల పడవలు కొన్ని వెళ్ళలేదు, వెళ్ళినవి అదృష్టం కొద్దీ సగంలోనే తిరిగొచ్చాయి. ఒక్క ప్రాణం పోలేదు. శనివారం సంచాలకులు నివేదిక పంపారు. విముక్తి తరువాత వచ్చిన తొలి గాలివానలోనే ప్రాణనష్టం సున్నా, తప్పుడు హెచ్చరికలు సున్నా, అసలు హెచ్చరికలే సున్నా అని అందులో ఉంది. ఇంత పొదుపుగా ఇంత రక్షణ కల్పించిన సంస్థ దేశంలో లేదని సచివాలయం నుంచి అభినందన వచ్చింది. మిగతా సంస్థల వాళ్ళు వచ్చి నేర్చుకుని వెళ్ళాలన్నారు.

చిక్కు భగీరథరావుతో వచ్చింది. ఆయనకు లెక్క తప్పడం ఇష్టం లేదు. పల్లెలకు వెళ్ళి, పడవలు ఎందుకు ఆగాయో, ఎవరు చెబితే ఆగాయో అడిగి, ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుని వచ్చి, సోమవారం ఉదయం బంతిపూల దండ తీసేసి బోర్డు మీద 212 అని వేశాడు. మధ్యాహ్నానికి నూకరత్నానికి మెమో అందింది.

"సదరు ఉద్యోగిని, సంస్థ విముక్తమైనట్లు ప్రకటించబడిన దినముననే, ముందస్తు అనుమతి పొందకుండా, తన వ్యక్తిగత దూరవాణి ద్వారా తొమ్మిది గ్రామములకు చెందిన రెండు వందల పన్నెండు పడవలు తనపై ఆధారపడునట్లు చేసియున్నారు. ఇందుకు మూడు దినములలో సంజాయిషీ సమర్పించి, ఆధార సంఖ్యను సున్నాకు తగ్గించు మార్గమును సూచించవలెను."

సంజాయిషీ రాయడానికి ఆమెకు ఎక్కువ సేపు పట్టలేదు. ఆ పడవలు తన మీద ఆధారపడుతున్న మాట నిజమేనని ఒప్పుకుంది. తాను మాత్రం సిగ్నల్ గది మీద, లైట్‌హౌసు మీద, గాజువాకలో ఒక పెద్దాయన మీద ఆధారపడ్డానని, వారిలో ఏ ఒక్కరు ఫోనెత్తకపోయినా ఇవాళ ఈ సంజాయిషీ వేరేగా ఉండేదని రాసింది. తనకు భయంగా ఉందని కూడా రాసింది. రోజూ సాయంత్రం నాలుగింటికి తొమ్మిది పల్లెల నుంచి ఫోన్లు వస్తున్నాయని, ఇలా మనిషి నోటి మీద ఎన్నాళ్ళు సాగుతుందని, ఒక్కరోజు తనకు జ్వరమొస్తే ఏమవుతుందని అడిగింది. సంఖ్య తగ్గించే మార్గం ఒక్కటే ఉంది, గాలినీ సముద్రాన్నీ జాబితానూ తిరిగి ఇప్పించండి, అని ముగించింది.

జవాబు గురువారం వచ్చింది. భగీరథరావే పట్టుకొచ్చాడు. గాలి మంజూరు చేయుటకు వీలుపడదు. ఉద్యోగిని తన దూరవాణి నెంబరును తక్షణమే మార్చుకొనవలెను. తద్ద్వారా ఆధార సంఖ్య దానంతటదే సున్నాకు చేరునని గమనించడమైనది. కింద ఉమాకాంతం గారి సంతకం, దాని కింద ఆకుపచ్చ సిరాలో 'చక్కని పరిష్కారము' అని సచివాలయం వారి పొట్టి సంతకం.

నూకరత్నం రెండుసార్లు చదివింది. మెమో అందినట్టు సంతకం చేసి కాగితం తిరిగిచ్చింది. భగీరథరావు తీసుకున్నాడు కాని కదల్లేదు. తలుపువైపు చూసి, ఫైలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మా ఆవిడ తమ్ముడికి కళింగపట్నం దగ్గర రెండు బోట్లున్నాయమ్మా," అన్నాడు నెమ్మదిగా. "మొన్న అదృష్టం బాగుండి వెళ్ళలేదు. మెసేజి వస్తుందని ఇంకా చూస్తూనే ఉన్నాడు. నెంబరు మారిస్తే కొత్తది ముందు నాకివ్వండి."

"నేను మార్చడం లేదండీ."

భగీరథరావు ఉద్యోగంలో చేరిన ఇరవై ఆరేళ్ళలో లెక్కలో ఒక్క అబద్ధం రాయని మనిషి. బల్ల మీద ఫైలు పెట్టి, కలం మూత తీసి, మెమో అడుగున 'నెంబరు మార్చబడినది' అని రాసి తేదీ వేశాడు. తర్వాత బావమరిది కోసం ఒక చీటీ ముక్క ముందుకు జరిపితే, దాని మీద ఆమె తన పాత నెంబరే వేసి ఇచ్చింది.

నాలుగు కావస్తోంది. ఫోను మోగింది. ఆయన వెళ్ళిపోకుండా అక్కడే నిలబడి, ఆమె ఏం చెబుతుందో విందామని ఆగాడు.